మిగిలిపోయిన గేమ్ కీలను అపరిచితులకు పంచాలంటే ఏ సైట్ మంచిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఏళ్ల తరబడి హంబుల్ బండిల్, ఫనాటికల్ లాంటి ఆన్‌లైన్ దుకాణాల్లో బండిళ్లు, అంటే కొన్ని గేములు కలిపి ఒకే ధరకు అమ్మే మూటలు, కొన్నారు. వాటిలో మీరు ఎప్పటికీ ఆడని గేముల స్టీమ్ కీలు ముప్ఫై దాకా మిగిలాయి (స్టీమ్ అంటే కంప్యూటర్ గేముల ఆన్‌లైన్ దుకాణం, కీ అంటే అక్కడ మన ఖాతాలో కొడితే గేమ్ మనదయ్యే కోడ్). అమ్మే ఉద్దేశం లేదు, ఎవరైనా ఆడుకుంటే చాలు. ఎక్కడ పెట్టాలి, అలా ఇవ్వడం తప్పు కాదు కదా, ఇచ్చింది ఆడేవాళ్లకే చేరుతుందన్న నమ్మకం ఏమిటి, మన తెలుగువాళ్లకే ఇవ్వవచ్చా అని అడిగారు. చివర్లో ఒక వాక్యంలో మీ తమ్ముడి సంగతి రాశారు. ఉచితంగా గేములు, స్కిన్లు (గేములో ఆయుధాలకు, పాత్రలకు వేసే అలంకరణలు) ఇస్తామన్న ఏదో సైట్‌లో అతను స్టీమ్ ఖాతాతో లాగిన్ అయ్యాడట.

ఆ చివరి వాక్యం ముందు చూడండి. కీల పని రేపు చేసుకోవచ్చు.

తమ్ముడి ఖాతాలో అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయించండి, తర్వాత పాస్‌వర్డ్ మార్పించండి. అక్కడితో ఆగకండి. స్టీమ్‌లో వెబ్ ఏపీఐ కీ అని ఒక పేజీ ఉంటుంది. ఇది గేమ్ కీ కాదు, ప్రోగ్రాములు మన ఖాతాతో పనిచేయడానికి ఇచ్చే అనుమతి కోడ్. మామూలుగా ఆడుకునేవాళ్లకు దానితో పనే ఉండదు కాబట్టి అది ఖాళీగా ఉండాలి. అక్కడ తమ్ముడు తీసుకోని కీ ఏదైనా కనబడితే వెంటనే రద్దు చేయించండి. ఈ దొంగతనంలో ఓపిక ఎక్కువ. ఖాతాలోకి దూరినవాడు ఆ రోజే ఏదీ ముట్టుకోడు, ఏపీఐ కీ ఒకటి సృష్టించుకుని కూర్చుంటాడు. ఎప్పుడో మీ తమ్ముడు స్నేహితుడికి ఒక స్కిన్ పంపబోతే, ఆ ట్రేడ్‌ను రద్దు చేసి, స్నేహితుడి పేరూ బొమ్మా పెట్టుకున్న దొంగ ఖాతాకు సరిగ్గా అలాంటి ట్రేడే పుట్టిస్తాడు. ఫోనులో ఆమోదం అడిగితే పేరు చూసి మనమే నొక్కేస్తాం. వస్తువు పోయాక చూసుకుంటే నొక్కింది మన వేలే.

ఇక లాగిన్ పేజీ. గివ్‌అవే సైట్లన్నీ, అంటే గేములను ఉచితంగా పంచే సైట్లు, మంచివి కూడా, "స్టీమ్ ద్వారా సైన్ ఇన్" అనే బటన్ పెడతాయి. అది తప్పు కాదు. నిజమైన సైట్ మిమ్మల్ని స్టీమ్ సొంత పేజీకి పంపి, మీరు ఫలానా ఖాతాదారు అన్న ధ్రువీకరణ మాత్రమే తీసుకుంటుంది, పాస్‌వర్డ్ దానికి తెలియదు. నకిలీ సైట్ మాత్రం స్టీమ్ పేజీలాగే ఉండే బొమ్మ ఒకటి చూపిస్తుంది. కొన్నేళ్లుగా ఇందులో బాగా ముదిరిన పద్ధతి ఒకటి నడుస్తోంది. బటన్ నొక్కగానే చిన్న కిటికీ తెరుచుకున్నట్టు కనబడుతుంది. పైన అడ్రస్ బార్, తాళం గుర్తు, అందులో స్టీమ్ అసలు చిరునామా అక్షరం పొల్లు పోకుండా ఉంటాయి. అది కిటికీ కాదు, అదే పేజీలో గీసిన బొమ్మ. పరీక్ష తేలిక: దాన్ని మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి బయటికి లాగండి. అసలైన కిటికీ బయటికి వస్తుంది, బొమ్మ అంచు దగ్గర ఆగిపోతుంది.

నేను నమ్ముకునే పద్ధతి ఇంకా సులభం. ముందు వేరే ట్యాబ్‌లో స్టీమ్ చిరునామా స్వయంగా టైపు చేసి లాగిన్ అవుతాను. తర్వాత గివ్‌అవే సైట్‌కు వచ్చి బటన్ నొక్కితే, స్టీమ్ నా పేరూ బొమ్మా చూపించి "సైన్ ఇన్" అని ఒక్క బటన్ ఇస్తుంది, పాస్‌వర్డ్ అడగదు. లాగిన్ అయి ఉండి కూడా పాస్‌వర్డ్ అడిగే పేజీని నేను మూసేస్తాను. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా అంతే జాగ్రత్త అవసరం. నకిలీ పేజీ మీద ఉన్న కోడ్‌ను స్కాన్ చేసి ఆమోదిస్తే తాళం చెవి చేతికిచ్చినట్టే. గేమ్ ఇస్తామంటూ కార్డు నంబరు, ఓటీపీ, "డెలివరీ రుసుము" అడిగే సైట్ల గురించి రాయడానికేమీ లేదు, వాటిలో అసలైనది ఒక్కటీ ఉండదు.

ఇప్పుడు మీ కీలు. ఉచితంగా ఇవ్వడం గురించి బెంగ వద్దు. హంబుల్ నిబంధనలు అభ్యంతరం చెప్పేది తిరిగి అమ్మడానికి. బహుమతిగా ఇవ్వడానికి వాళ్లే గిఫ్ట్ లింక్ అనే ఏర్పాటు పెట్టారు. స్టీమ్ ఒప్పుకోనిది ఖాతా అమ్మడం, ఖాతా బదిలీ చేయడం. మీరు వాడని కీని ఇంకొకరు తమ ఖాతాలో యాక్టివేట్ చేసుకోవడంలో ఇబ్బంది లేదు.

ఏ సైట్ అన్న దానికి నా జవాబు వింతగా అనిపించవచ్చు. ఎక్కువ విసిగించే సైట్‌ను ఎంచుకోండి. చేరడానికి షరతులు, గెలిచాక షరతులు, తప్పితే సస్పెన్షన్లు ఉన్న చోటే మీ గేమ్ ఆడేవాడికి చేరే అవకాశం ఎక్కువ. ఎందుకంటే మీరు పోటీ పడుతున్నది మనుషులతో కాదు, మనిషిలా పనిచేసే ప్రోగ్రాములైన బాట్‌లతోనూ, దొరికింది తిరిగి అమ్ముకునే మారుబేరగాళ్లతోనూ. ఒక కీని సోషల్ మీడియాలో ఉన్నదున్నట్టు పోస్ట్ చేసి చూడండి. ఐదేసి అక్షరాల మూడు ముక్కలు, మధ్యలో గీతలు, ఆ ఆకారాన్ని వెతికే ప్రోగ్రాములు మనిషి కన్ను పడేలోపే దాన్ని పట్టుకుపోతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక అక్షరం తీసేసి, దాని స్థానంలో ఆ అక్షరం తట్టేలా చిన్న పొడుపు ప్రశ్న పెడతారు. ఒకటి రెండు కీలైతే అదీ బాగానే పనిచేస్తుంది. ముప్ఫై కీలకు ముప్ఫై పొడుపులు రాసే ఓపిక మీకుంటే నా అభినందనలు.

ఇలాంటి సైట్లలో నేను మీకు చెప్పేది స్టీమ్‌గిఫ్ట్స్. అది స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థది కాదు, బయటివాళ్లది. ఊరికే తెరిచిన కొత్త స్టీమ్ ఖాతాతో అందులో చేరలేరు, ఖాతాలో డబ్బు పెట్టి కొన్న గేములు కొంత విలువ మేరకు ఉండాలి. వంద ఖాతాలు తెరిచి వంద చీటీలు వేయాలనుకునేవాడికి అక్కడే ఖర్చు ఎదురవుతుంది. లోపలికి వచ్చాక అందరికీ పాయింట్లు వస్తుంటాయి, గరిష్ఠంగా 400 వరకు నిలవ ఉంటాయి. గేమ్ ధర ఎన్ని డాలర్లైతే ఆ గివ్‌అవేలో పేరు ఇవ్వడానికి దాదాపు అన్ని పాయింట్లు ఖర్చవుతాయి. కాబట్టి కనబడిన ప్రతిదానిలో దూరలేరు, కావలసినవి ఎంచుకోవాలి. గడువు ముగియగానే సైట్ యాదృచ్ఛికంగా విజేతను తీస్తుంది. ఎవరికి వెళ్లాలో మీరు నిర్ణయించలేరు, అదీ మంచికే.

గెలిచినవాడు గేమ్‌ను తన సొంత ఖాతాలోనే యాక్టివేట్ చేసి తీరాలి. తమ్ముడికిస్తాను, దాచుకుంటాను, ఇంకో గేమ్‌తో మార్చుకుంటాను అంటే కుదరదు. చేయనివాళ్ల ఖాతాను సస్పెండ్ చేస్తారు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది అతిగా అనిపిస్తుంది, ఇచ్చాక వాడేం చేసుకుంటే మనకేమి అని. కానీ ఈ ఒక్క నిబంధన లేకపోతే ఆ సైట్ ఈపాటికి మారుబేరగాళ్ల గోదాము అయిపోయేది. ఉచితంగా వచ్చిన కీని రెండు డాలర్లకు అమ్ముకోవడం కష్టమేమీ కాదు, లైబ్రరీలోకి (స్టీమ్ ఖాతాలోని గేముల జాబితాలోకి) ఎక్కిన గేమ్‌ను మాత్రం ఎవరూ అమ్మలేరు.

ఇచ్చేవారికి లెవెల్ ఉంటుంది, 0 నుంచి 10 వరకు. ఇచ్చిన గేముల విలువ పెరిగేకొద్దీ లెవెల్ పెరుగుతుంది, పై లెవెల్ వాళ్ల కోసం పెట్టిన గివ్‌అవేలలో మీరూ పేరు ఇవ్వవచ్చు. ఇక్కడ మీలాంటివాళ్లు తరచూ నిరాశపడే విషయం ఒకటుంది: బండిల్‌లో వచ్చిన గేమ్‌కు పూర్తి విలువ లెక్కించరు, 15 శాతమే ఇస్తారు. ఎప్పుడో అందరికీ ఉచితంగా పంచిన గేమ్‌కు అసలేమీ ఇవ్వరు. మీ ముప్ఫై కీలూ బండిళ్లవే కాబట్టి లెవెల్ మెల్లగానే కదులుతుంది. దానికోసం బాధపడకండి. లెవెల్ కోసం చెత్త గేములు డజన్ల కొద్దీ కొని పంచేవాళ్లు అక్కడ కొందరున్నారు. వాళ్ల గివ్‌అవేల పేజీ చూస్తే ఎవరి లైబ్రరీకీ మేలు జరిగినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

గివ్‌అవే పెట్టేముందు కీ నిజంగా మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. హంబుల్ పేజీలో గేమ్ పేరు పక్కన బటన్ కనబడినంత మాత్రాన కీ ఉన్నట్టు కాదు. మీరు ఆ బటన్ నొక్కినప్పుడే కీ కేటాయిస్తారు. పాత బండిళ్లలో కొన్ని గేములకు కీల నిల్వ అయిపోయి ఉంటుంది, కొన్నిటికి గడువు తేదీ దాటి ఉంటుంది. గివ్‌అవే ముగిశాక, ఎవరో గెలిచి ఎదురుచూస్తుండగా ఈ సంగతి బయటపడితే మాట పోయేది మీది. పంపడానికి మీకు వారమే గడువు. ముందే కీలన్నీ తీసి ఒక ఫైల్‌లో గేమ్ పేరు, కీ, కొన్న చోటు, ఎవరికి ఇచ్చారు అని నాలుగు గడులు గీసుకోండి. ఒకే కీని ఇద్దరికి ఇచ్చే ప్రమాదం అలాగే తప్పుతుంది.

రెండోది ప్రాంతం. కొన్ని కీలు కొన్ని దేశాల్లో యాక్టివేట్ కావు, పబ్లిషర్ ముందే కట్టడి పెట్టి ఉంటాడు. కొన్న పేజీలోనే ఈ వివరం ఉంటుంది, లేదంటే స్టీమ్‌డీబీ సైట్‌లో ఆ ప్యాకేజీ వివరాల్లో ఏ దేశాలకు పరిమితమో కనబడుతుంది. గివ్‌అవే పెట్టేటప్పుడు ప్రాంతం ఎంచుకునే వీలుంది, సరిగ్గా పెట్టండి. బ్రెజిల్ కుర్రాడు గెలిచి, కీ కొట్టి, మీ దేశంలో కుదరదు అన్న సందేశం చూస్తే తప్పు అతనిది కాదు. వరసగా తప్పు కీలు కొడితే స్టీమ్ ఆ ఖాతాకు కొంతసేపు యాక్టివేషనే ఆపేస్తుంది కూడా.

నా సలహా ఏమిటంటే మొదట అందరికీ తెరిచి పెట్టకండి. లెవెల్ 1, వీలైతే 2 అని కనీస పరిమితి పెట్టండి. లెవెల్ 1 అంటే జీవితంలో ఒక్క గేమైనా ఇచ్చినవాడని అర్థం. ఆ చిన్న గీతతోనే తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని గుంపు చాలావరకు బయట ఉండిపోతుంది. విజేత పేరు రాగానే కీ పంపేయకుండా ఎస్‌జీటూల్స్ అనే సైట్‌లో ఆ పేరు కొట్టి చూడండి. గతంలో గెలిచి యాక్టివేట్ చేయనివి, ఒకే గేమ్ రెండుసార్లు గెలిచినవి ఉంటే అది చూపిస్తుంది. అలాంటివి కనబడితే కీ పంపకుండా, కొత్త విజేత కావాలని సైట్ నిర్వాహకులను కోరండి. సాధారణంగా ఒప్పుకుంటారు. కీ చూపించేశాక మాత్రం ఇక మీ చేతిలో ఏమీ ఉండదు.

ధన్యవాదాలు ఆశించకండి. కొందరు ఆ గేమ్ ఎందుకు కావాలనుకున్నారో, ఎక్కడ ఆగిపోయారో పేరా రాస్తారు. చాలామంది "థాంక్స్" అంటారు. మిగతావాళ్లు అదీ అనరు, కానీ నెల తర్వాత వాళ్ల ప్రొఫైల్‌లో ఆ గేమ్ నలభై గంటలు ఆడినట్టు కనబడుతుంది. నాకు మూడోవాళ్లే ఇష్టం.

అక్కడ ఇంకో సరదా ఉంది, మీకు నచ్చవచ్చు. ఒక గివ్‌అవే వివరణలో తర్వాతి దానికి లింకు, దానిలో ఇంకోదానికి, అలా వరసగా కట్టుకుంటూ పోతారు. దాన్ని ట్రైన్ అంటారు. ముప్ఫై కీలున్న మీకు అది చక్కగా సరిపోతుంది. కొందరు జిగ్‌సా పజిల్ పూర్తిచేస్తేనే లింకు కనబడేలా పెడతారు. బాట్‌కు పజిల్ పేర్చే ఓపిక ఉండదు కాబట్టి ఇది వినోదమూ అవుతుంది, వడపోతా అవుతుంది.

రెడిట్ అనే చర్చా సైట్‌లో గిఫ్ట్ ఆఫ్ గేమ్స్ అనే చోటు పూర్తిగా వేరే రుచి. అక్కడ ఇచ్చేవాళ్లే కాక, ఫలానా గేమ్ కావాలని అడిగేవాళ్లూ రాస్తారు. స్టీమ్‌గిఫ్ట్స్‌లో అడుక్కోవడం నిషిద్ధం, ఇక్కడ అది మర్యాదగా చేస్తే సరే. ఖాతా వయసు, కర్మ పాయింట్లు (రాసినవాటికి ఇతరులు వేసే ఓట్లతో వచ్చేవి) కొంత ఉండాలన్న షరతు ఇక్కడా ఉంటుంది. ఎవరికి ఇవ్వాలో మీరే తేల్చుకోవచ్చు. మీ దగ్గర ఒకటో రెండో నిజంగా మంచి గేములుంటే, వాటికి తగిన మనిషిని ఎంచుకోవాలనుకుంటే ఇదే దారి. అడిగినవాళ్ల పాత పోస్టులు ఒకసారి తిరగేస్తే వాళ్లు ఆటగాళ్లా, సేకరణకర్తలా అన్నది తెలిసిపోతుంది.

ఇంకొక రకం సైట్లు కనబడతాయి: ఈ పేజీని ఫాలో అవ్వండి, ఈ డిస్కార్డ్ చాట్ గ్రూపులో చేరండి, ఈ స్టీమ్ గ్రూపులో చేరండి, కీ తీసుకోండి అని. గ్లీమ్ లాంటి వేదికలను వాడి డెవలపర్లు, దుకాణాలు నడిపేవి ఇవి. అందులో మోసం ఉండాలని లేదు, అది ప్రచారం. మీరు ఇచ్చేది మీ దృష్టిని. ఒకప్పుడు ఈ ఉచిత కీల వెనుక ఇంకో లెక్క ఉండేది. 2013లో స్టీమ్ ట్రేడింగ్ కార్డులు వచ్చాయి. గేమ్ ఆన్ చేసి ఉంచితే కార్డులు రాలేవి, వాటిని మార్కెట్‌లో అమ్మితే డెవలపర్‌కూ వాటా వచ్చేది. దాంతో కొందరు అరగంటలో అల్లిన గేముల కీలను వేలాదిగా పంచి, బాట్‌లతో కార్డులు రాల్చుకున్నారు. 2017లో వాల్వ్ అడ్డుకట్ట వేసింది: ఒక గేమ్‌ను నిజమైన మనుషులు ఆడుతున్నారని తేలేదాకా కార్డులు రావు. అప్పటి నుంచి ఆ రకం దానాలు తగ్గాయి. మీ కీలను ఇలాంటి వేదికల మీద పెట్టాల్సిన పని లేదు, ఫాలోవర్లు అవసరమైతే తప్ప.

పంచడానికి గేములు చౌకగా కొందామని ఎప్పుడైనా అనిపిస్తే జీ2ఏ, కింగ్విన్ లాంటి మారుబేర సైట్ల వైపు వెళ్లకండి. అక్కడ అమ్మే కీ ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు. దొంగ కార్డుతో కొన్న కీ అయితే బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంటుంది, పబ్లిషర్ కీ రద్దు చేస్తాడు, మీరు ఎవరికో ప్రేమగా ఇచ్చిన గేమ్ వాళ్ల లైబ్రరీ నుంచి మాయమవుతుంది. 2015లో యూబీసాఫ్ట్ అనే గేమ్ సంస్థ తన ఫార్ క్రై 4 గేమ్ కీలను ఇలాగే రద్దు చేస్తే, డబ్బు పెట్టి కొన్న మామూలు జనం లబోదిబోమన్నారు. ఫ్యాక్టోరియో గేమ్ తయారుచేసిన వూబ్ సంస్థ దొంగిలించిన తమ కీలు జీ2ఏలో అమ్ముడయ్యాయని పట్టుబట్టింది. చివరికి 2020లో జీ2ఏ 198 కీలు దొంగిలించినవేనని ఒప్పుకుని 39,600 డాలర్లు చెల్లించింది. గివ్‌అవే సైట్లు గెలిచినవాడిని అంతగా ఎందుకు పీడిస్తాయో దీన్నిబట్టి కూడా అర్థం చేసుకోవచ్చు. ఉచిత కీలు చివరికి చేరాలని చూసేది ఆ బజారుకే.

కీ లేకుండా స్టీమ్ దుకాణంలోనే కొని నేరుగా ఇద్దామంటే, 2017 మే నుంచి పద్ధతి మారింది. అంతకుముందు గిఫ్ట్ కొని ఇన్వెంటరీలో (స్టీమ్ ఖాతాలోని వస్తువుల అరలో) దాచుకుని ఎప్పుడో ఇచ్చే వీలుండేది. ఇప్పుడు కొన్న క్షణంలోనే ఫలానా స్నేహితుడికి అని చెప్పాలి, అతను వద్దంటే డబ్బు మీకు వెనక్కి వస్తుంది. మనకు ఇంకో చిక్కు ఉంది. 2015 నవంబరు నుంచి స్టీమ్‌లో మనకు రూపాయల ధరలు ఉన్నాయి, చాలా గేములకు అవి డాలర్ ధర కన్నా తక్కువ. ధరల తేడా ఎక్కువగా ఉంటే ఇక్కడి నుంచి అమెరికాలోని స్నేహితుడికి గిఫ్ట్ పంపనివ్వదు. డల్లాస్‌లో ఉన్న మీ బావగారికి పుట్టినరోజు గేమ్ పంపాలంటే స్టీమ్ గిఫ్ట్ కార్డు లాంటి దారి చూసుకోవాల్సిందే.

మన తెలుగువాళ్లకే ఇవ్వవచ్చా అన్నారు కదా. ఇవ్వవచ్చు. స్టీమ్‌గిఫ్ట్స్‌లో ఆహ్వానం ఉన్నవాళ్లకే అనే రకం గివ్‌అవే ఉంది, లింకు చేతిలో ఉన్నవాళ్లే పేరు ఇవ్వగలరు. ఆ లింకును మీ టెలిగ్రామ్ గ్రూపులో పెట్టండి. లేదా స్టీమ్ గ్రూపు తెరిచి, దాని సభ్యులకే పరిమితం చేయండి. అయితే పైన నేను మెచ్చుకున్న షరతులే ఇక్కడ అడ్డం వస్తాయి. హాస్టల్‌లో ఉంటూ, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద ఉచిత గేములు మాత్రమే ఆడే కుర్రాడి ఖాతాలో డబ్బు పెట్టి కొన్నదేమీ ఉండదు. అతన్ని సైట్ లోపలికి రానివ్వదు. స్టీమ్‌లో 5 డాలర్లు కూడా ఖర్చు పెట్టని ఖాతా నుంచి స్నేహితుల అభ్యర్థన కూడా పంపలేరు. నిజానికి మీ గేమ్ అందరికన్నా ఎక్కువ అవసరమైనది అతనికే కావచ్చు. అలాంటివాళ్లకు సైట్ ఎందుకు, కీ నేరుగా ఇవ్వండి. స్టీమ్‌లో కీ యాక్టివేట్ చేసుకోవడానికి ఖాతాలో డబ్బు ఖర్చు పెట్టి ఉండాలన్న షరతు లేదు. గ్రూపులో కీ అతికించకుండా విడిగా సందేశం పంపండి, మీ ముందే వీడియో కాల్‌లో యాక్టివేట్ చేయమన్నా ఎవరూ ఏమీ అనుకోరు. దానికి ముందు ల్యాప్‌టాప్ ఏమిటో అడగండి. బండిళ్లలో వచ్చే పెద్ద గేములు నాలుగు జీబీ ర్యామ్ మీద నడవవు, మీ జాబితాలోని చిన్న టూడీ గేములే ముందు వాళ్లకోసం పక్కన పెట్టండి.